దున్న తొడా తిమింగలం ఓటూ

తిమింగలం ఓటు వేసిందన్న కబురు వచ్చేసరికి నేను పెరట్లో ముంజీర్ లుంగీ ఆరేస్తున్నాను. పెళ్ళయి మూడు నెలలు కూడా కాలేదు కాబట్టి, అతని లుంగీ ఆరేయడం కూడా నాకింకా సంబరంగానే ఉంది. అంచులు రెండూ సమంగా వచ్చేదాకా తీగ మీద సర్దుతూ ఉంటాను. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి తనలో తను నవ్వుకుంటుంది. ముంజీర్ ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలు ఉత్తిదే, ఫోను రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"దెక్, తిమింగలం," అన్నాడు.

అతను నన్ను దెక్ అంటాడు, చెల్లీ అన్నట్టు. నేను అతన్ని బాంగ్ అంటాను, అన్నా అన్నట్టు. మా వైపు మొగుడూ పెళ్ళాల పిలుపులు ఇవే.

"నా వ్యాసానికి. పూర్తి ఓటు. ఇటు చూడు."

చూశాను. వ్యాసం కింద అంకె నిన్న సాయంత్రం వరకూ ఒక కప్పు కాఫీకి సరిపోయేంత ఉంది. ఇప్పుడు అది ముంజీర్ రెండు నెలల జీతమంత ఉంది.

ముంజీర్ రాసే పెనా అనే సైటు సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజునే ముంజీర్ మా నాన్నకి దాని గురించి చెప్పాడు. తన ఉద్యోగం సంగతి ఆ తర్వాత చెప్పాడు. మామూలు సైట్లలో మనం రాసినదాని మీద కంపెనీ బాగుపడుతుంది, పెనాలో రాసినవాళ్ళకే వాటా. లెక్కంతా ఒకరి చేతిలో కాకుండా బ్లాక్‌చెయిన్ మీద, ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఉంటుంది. ఒకసారి రాస్తే ఎవరూ మార్చలేరు, ఎవరూ చెరపలేరు. చదివి నచ్చినవాళ్ళు ఓటు వేస్తే ఆ ఓటు నాణేలుగా మారుతుంది. ఎవరు ఎక్కువ నాణేలు నిల్వ పెట్టుకుంటే వాళ్ళ ఓటుకి అంత బరువు. బాగా బరువున్నవాణ్ణి తిమింగలం అంటారు. ముంజీర్‌లాంటివాళ్ళు చేపపిల్లలు. ఈ తిమింగలం ఎవరో, ఏ దేశమో తెలియదు. పేరు దగ్గర పిల్లి బొమ్మ ఉంది.

వ్యాసం అమ్మ వెనిగర్ జాడీ గురించి. నీరా పులియబెట్టి అమ్మ చేసే ఆ వెనిగర్ లేకపోతే మా ఇంట్లో మాంసం పొయ్యి ఎక్కదు. వారానికోసారి జాడీకి కొత్త నీరా పోస్తూ అమ్మ దాన్ని తిడుతుంది. తిట్టకపోతే బద్ధకిస్తుందట. ముంజీర్ ఆ తిట్లన్నీ వరసగా రాశాడు. మెక్సికో నుంచి ఒకావిడ, మా ఇంట్లో అనాసపళ్ళతో చేస్తాం, మా జాడీని స్పానిష్‌లో తిడితే పనిచేస్తుందా అని అడిగింది. ఆ ప్రశ్న చదివి నాకు తడి చేతులతోనే గంతులు వేయాలనిపించింది. వేశాను కూడా. ముంజీర్ నన్ను పట్టుకుని గిర్రున తిప్పాడు. లుంగీ మట్టిలో పడింది. ఫరవాలేదు, మళ్ళీ ఆరేయొచ్చు.

అంతవరకూ బాగుంది. అతను అక్కడే ఆగి ఉండాల్సింది.

నాన్న వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైన మనిషి, పేపరు కూడా పరీక్ష పేపరు దిద్దినట్టే చదువుతాడు. ముంజీర్ తిన్నగా వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"నాన్నా, ఈ మెగాంగ్‌కి మాంసం సంగతి మీరెవరూ ఆలోచించొద్దు. దున్న తొడ తెస్తున్నా."

నాన్న పేపరు కిందికి దించాడు. "తొడా?"

"తొడే. మొత్తం."

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. "ముందుదా, వెనకదా?"

నేను అతని చొక్కా లాగాను. తెలియలేదు. ఇంకా గట్టిగా లాగాను. "వెనకదమ్మా," అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే అమ్మ ప్రహరీ దగ్గరుంది. అవతల పక్కింటి జువైరియా పిన్ని చేపలు తోముతోంది. పిన్నికి తెలిసిందంటే వీధికి తెలిసినట్టే.

ఉపవాసాలు మొదలయ్యే ముందు ప్రతి ఇంటా మాంసం వండుకునే రోజు మెగాంగ్. పెళ్ళయ్యాక వచ్చే మొదటి మెగాంగ్‌కి అల్లుడు అత్తవారింటికి మాంసం తేవాలి, తన సంపాదనతో. ఎంత తెచ్చాడని వీధంతా అడుగుతుంది. రెండు కిలోలు తెస్తే చాలు, మూడు తెస్తే మెచ్చుకుంటారు. ముంజీర్ కాలేజీ దగ్గర జెరాక్సు షాపులో పనిచేస్తాడని అందరికీ తెలుసు. రెండు కిలోలతో వచ్చి ఉంటే పల్లెత్తు మాట అనేవాళ్ళు ఉండేవారు కాదు. తొడ ఎవరడిగారు? మా వీధిలో జనరేటర్ ఇద్రీస్ అని ఒకాయన ఉన్నాడు. ఎప్పుడో కుర్రతనంలో మసీదుకి జనరేటర్ కొనిస్తానని నలుగురిలో మాట అన్నాడు. ఇవ్వలేకపోయాడు. ఇప్పుడు ఆయనకి మనవలున్నారు, ఆ పిల్లల్ని కూడా జనరేటర్ మనవలనే అంటారు. మా వైపు పెళ్ళయ్యాక మొగుడే పెళ్ళాం ఇంటికి వచ్చి ఉంటాడు. అంటే ముంజీర్ బతకాల్సింది ఈ వీధిలోనే, ఈ నోళ్ళ మధ్యే.

గదిలోకి వెళ్ళి తలుపేసి ఫోను అందుకున్నాను. ఆ అంకెని ఇంకోసారి చూసి మురిసిపోదామనే, వేరే ఉద్దేశం ఏమీ లేదు. అంకె పక్కన చిన్న తాళం బొమ్మ కనిపించింది.

"బాంగ్, ఈ తాళం ఏమిటి?"

"ఏ తాళం?"

"ఈ తాళం."

ముంజీర్ వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడటం నాకు భలే ఇష్టం, కానీ అప్పుడు మాత్రం నచ్చలేదు.

"అది... అంతా నిల్వ," అన్నాడు.

పెనాలో వ్యాసం పెట్టేటప్పుడే వచ్చే నాణేలు ఎలా కావాలో చెప్పాలి. సగం చేతికి, సగం నిల్వకి అనొచ్చు. లేదా అంతా నిల్వకే అనొచ్చు. నిల్వలోకి వెళ్ళింది ఓటుకి బలమవుతుంది తప్ప ఖర్చుకి పనికిరాదు. బయటికి తీయాలంటే అర్జీ పెట్టుకుని వారం వారం కాస్త కాస్తగా మూడు నెలలు తీసుకోవాలి. మెగాంగ్ ఈ వారమే.

"మార్చండి," అన్నాను.

"ఒక్క ఓటు పడ్డాక మార్చలేం."

"ఎవరు మార్చగలరు?"

"ఎవరూ మార్చలేరు. అదే కదా దెక్ దాని గొప్ప."

"గొప్ప తర్వాత చూద్దాం. అసలు అంతా నిల్వ అని ఎందుకు నొక్కారు?"

"మా గుంపు ఒట్టు పెట్టుకుంది. ఈ నెలంతా ఎవరూ చేతికి తీసుకోకూడదని. నిల్వ నెల."

"మెగాంగ్ ఉన్న నెలలోనా?"

"తిమింగలం వస్తుందని ఎవరు కలగన్నారు? కాఫీ డబ్బులే కదా, పోనీలే అనుకున్నా."

నేను మంచం మీద చతికిలబడ్డాను. మంచం మీద నెమళ్ళ దుప్పటి ఉంది. మేమిద్దరం బజారంతా తిరిగి, మూడు కొట్లలో బేరమాడి కొన్న దుప్పటి. దాని మీద కూర్చుని కోపం తెచ్చుకోవడం ఇదే మొదలు.

"నాన్నకి ఇప్పుడే చెప్పండి. తొడ మాట ఇంకా వేడిగానే ఉంది, ఇప్పుడే వెనక్కి తీసుకుంటే నవ్వి ఊరుకుంటారు."

"చెప్తాను. ముందు జుల్ అన్నని ఓ మాట అడుగుదాం. ఏదో దారి ఉంటుంది."

జుల్ అన్న అంటే జుల్‌ఫద్లీ, ఊళ్ళో పెనా రాసేవాళ్ళ గుంపుకి పెద్ద. స్టేడియం పక్కన కాఫీకొట్లో పొడుగు బల్ల ఒకటి వాళ్ళదే. మేం వెళ్ళేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తిమింగలం ఓటు పడ్డవాడు ఆ రోజు అందరికీ కాఫీ పోయించాలన్నది గుంపు ఆచారం. నేను నోరు తెరిచేలోపే పాలకాఫీలు, అరటాకు పొట్లాల్లో తీపి ఉండలు బల్ల మీదికి వచ్చేశాయి. రాని డబ్బుకి పోయే డబ్బు అప్పుడే మొదలైంది.

"అన్నా, తాళం తీసే దారేదైనా ఉందా?" అని అడిగాను.

జుల్ అన్న కాఫీ ఊదుకున్నాడు. "చెల్లెమ్మా, నువ్వు దీన్ని జీతంలా చూస్తున్నావు. ఇది తోట. నీళ్ళు పోస్తూ ఉండాలి."

"తోటలో ఆకలేస్తే ఒక కాయైనా కోసుకోవచ్చు కదన్నా."

బల్ల చివర సఫ్రిజాల్ గట్టిగా నవ్వాడు. "మా ఆవిడా అచ్చం ఇదే అంటుంది. ఇదే గొంతుతో."

"నేను స్నానాలగది కట్టింది దేంతో?" అన్నాడు జుల్ అన్న. "అడుగు. ఊళ్ళో ఎవర్నైనా అడుగు. పెనా డబ్బుతో. నీలం పలకలు. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది."

ఆ స్నానాలగది నిజం. నేనూ చూశాను. పెళ్ళికి పిలవడానికి వెళ్ళినప్పుడు చేతులు కడుక్కునే నెపంతో వెళ్ళి, అవసరం లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను, అంత బాగుంది.

"అప్పుడు నాణెం ధర ఎంతుందన్నా?"

"ఎక్కువే ఉంది."

"ఇప్పుడు అన్నే నాణేలు అమ్మితే ఏమొస్తుంది?"

జుల్ అన్న ఆలోచిస్తుంటే సఫ్రిజాల్ జవాబు చెప్పేశాడు. "మగ్గు."

"నువ్వు నోర్ముయ్. ధర మళ్ళీ పెరుగుతుంది చెల్లెమ్మా. అందరూ అమ్మకుండా నిల్వ ఉంచితే పెరుగుతుంది. అందుకే నిల్వ నెల పెట్టాం."

"అందరూ నిల్వే ఉంచితే కొనేదెవరు?"

"కొత్తగా చేరేవాళ్ళు."

"వాళ్ళ చేత కూడా మీరు నిల్వే పెట్టిస్తారు కదా."

జుల్ అన్న కాఫీలో చెంచా తిప్పడం మొదలెట్టాడు. ముంజీర్ నా వైపు చూశాడు. సిగ్గుతోనో గర్వంతోనో తేల్చుకోలేకపోయాను.

"పోనీ ఆ పిల్లి బొమ్మాయన్ని అడిగితే?" అన్నాను. "ఓటు వెనక్కి తీసుకుని, తాళం లేని వ్యాసానికి వేయమని."

"వేయడు," అన్నాడు జుల్ అన్న, ఈసారి మెల్లగా. "ఆయన పేజీలో రాసి పెట్టుకున్నాడు. అంతా నిల్వ పెట్టేవాళ్ళకే ఓటట. నీ మొగుడి వ్యాసం దగ్గరికి ఆయన వచ్చిందే తాళం చూసి."

"అంటే డబ్బు వద్దన్నవాళ్ళకే డబ్బిస్తాడు."

"వద్దన్నవాళ్ళకి కాదు, తొందర లేదన్నవాళ్ళకి."

"మెగాంగ్‌కి తొందరుందన్నా."

కాఫీలకి ముంజీర్ డబ్బిచ్చాడు. ఉండలు మాత్రం బాగున్నాయి, రెండు తిన్నాను. కోపంలో ఉన్నప్పుడు కూడా బాగుండటం వాటి తప్పు కాదు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి వాకిట్లో గుండిగ ఉంది. పెళ్ళిళ్ళలో అన్నం వండేంత పెద్దది. అమ్మ తన చెల్లెలి ఇంటి నుంచి రిక్షాలో వేయించుకుని తెచ్చుకుంది. నాన్న సైకిలు గోడకి ఆనించి ఉంది, చక్రాలకి బజారు బురద. మాంసం కొట్టు హాజీ మురాద్ దగ్గరికి వెళ్ళి, వెనక తొడ ఒకటి మా అల్లుడి పేరున పక్కన పెట్టమని చెప్పి వచ్చాడట.

"ఇప్పుడు చెప్పండి," అని ముంజీర్ చెవిలో అన్నాను.

"ఇంత సంతోషంగా ఉన్నప్పుడా?"

"ఏడుస్తున్నప్పుడు చెప్తారా మరి?"

"రేపు చెప్తాను దెక్."

మర్నాడు నాన్నకి కాళ్ళ నొప్పులు. ఆ మర్నాడు జుమ్మా, శుక్రవారం పూట చెడ్డ కబురు చెప్పకూడదన్నాడు. అలాంటి నియమం ఎక్కడుందో నాకు తెలియదు, అతనికీ తెలియదు. మధ్యలో అమ్మ మెక్సికో ఆవిడకి జవాబు చెప్పించింది. "ఏ భాషైనా పరవాలేదని రాయి. గొంతు మాత్రం పెంచాలి. లోపలికి వినబడాలి." ఆవిడ మళ్ళీ రాసింది, తిట్టాను, నురగ వచ్చింది అని. ఎక్కడో ప్రపంచానికి ఆ చివర ఒక వంటింట్లో అమ్మ మాట మీద జాడీని తిడుతున్నారంటే నాకు ఆ రోజంతా కడుపు నిండిపోయింది. కానీ కడుపు నిండటానికీ తొడకీ సంబంధం లేదు. నేను చెప్పేద్దామా అనుకున్నాను, చాలాసార్లు. కానీ అతని నోటితో అన్న మాట అతని నోటితోనే వెనక్కి రావాలి. నేను చెబితే, పెళ్ళాం కొంగు చాటున దాక్కున్నాడని ఇంకో పేరు తోడవుతుంది.

మెగాంగ్ ముందురోజు మధ్యాహ్నం ముంజీర్ గదిలో తలొంచుకుని ఏదో రాస్తున్నాడు. నాన్నకి ఎలా చెప్పాలో మాటలు రాసుకుంటున్నాడేమో అనుకుని జాలిపడి, నిమ్మకాయ నీళ్ళు కలిపి పట్టుకెళ్ళాను. తెర మీద పై వరస కనబడింది. మొదటి మెగాంగ్: ఒక కొత్త అల్లుడి సంకటం.

"బాంగ్."

"పోస్టు చెయ్యలేదు దెక్. ఊరికే రాసి పెట్టుకున్నా."

"నాన్నకి చెప్పాల్సింది ప్రపంచానికి చెబుతారా?"

"ప్రపంచానికి చెప్పడం తేలిక."

"దీనికి కూడా తాళమేనా?"

అతను గోళ్ళు చూసుకున్నాడు. "నిల్వ నెల కదా."

నిమ్మకాయ నీళ్ళు నేనే తాగేశాను. తాగుతూ అతని భుజం మీంచి చదివాను. అత్తగారి గుండిగ వాకిట్లో నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది అని రాశాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఇలా రాయగలిగినవాడికి చదివినవాళ్ళు ఏదో ఒకటి ఇవ్వాలన్నది న్యాయమే, అందులో నాకు పేచీ లేదు. ఇచ్చింది మాత్రం బజారుకి పట్టుకెళ్ళగలిగేలా ఉండాలి కదా.

సాయంత్రం వ్యాసానికి ఓట్లు వేసే గడువు ముగిసింది. అంకె మాయమై, మొత్తం అతని బలంలో కలిసిపోయింది. పెనా అతనికి కొత్త బొమ్మ ఇచ్చింది. చేపపిల్ల పోయి డాల్ఫిన్ వచ్చింది. ముంజీర్ క్షణంపాటు వెలిగిపోతూ ఫోను నా వైపు తిప్పాడు. నా ముఖం చూసి మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక అందరం చాప మీద భోజనానికి కూర్చున్నాం. ఎండుచేపల పులుసు. నాన్న ఉత్సాహంగా ఉన్నాడు.

"హాజీ మురాద్ ఫోన్ చేశాడు. తొడ మంచిది దొరికిందట. తెల్లారగానే వస్తే తాడు కట్టి ఇస్తానన్నాడు. బండి వెనక కట్టడానికి నేనూ ఒక తాడు తీసి పెట్టా."

నేను చాప కింద నుంచి ముంజీర్ కాలి బొటనవేలు తొక్కాను. తీయలేదు, అలాగే తొక్కి పట్టాను.

"నాన్నా, తొడ లేదు," అన్నాడు.

"దొరికిందంటున్నా కదా."

"డబ్బు లేదు."

"వచ్చిందన్నావు."

"వచ్చింది. లోపల ఉంది."

"బ్యాంకులోనా?"

"కాదు. బలంగా మారిపోయింది."

నాన్న అమ్మ వైపు చూశాడు, అమ్మ నా వైపు చూసింది. "ఎవరి బలం?" అన్నాడు నాన్న.

"నాదే. నా ఓటుకి ఇప్పుడు బరువు పెరిగింది."

"నీ ఓటు హాజీ మురాద్ తీసుకుంటాడా?"

"తీసుకోడు."

అమ్మ గరిటె పులుసులోనే వదిలేసింది. "మరి గుండిగ? మా చెల్లెలు ఎందుకని అడిగితే వెనక తొడ అని కూడా చెప్పి తెచ్చానే. సగం కూర దాని ఇంటికి పంపిస్తానని చెప్పానే." తర్వాత నా వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు. రోజూ చెప్పమంటూనే ఉన్నాను."

"రోజూ అన్నది," అన్నాడు ముంజీర్. "తన తప్పేం లేదమ్మా. చెప్పీ చెప్పీ తనకి నోరు నొప్పి పుట్టింది."

నాన్న చెయ్యి కడుక్కుని ఫోను అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. డాల్ఫిన్‌ని కాసేపు చూశాడు.

"నా ప్రావిడెంట్ ఫండ్ కూడా ఇలాగే ఉండేది. కనబడేది, తీసుకోనిచ్చేవారు కాదు. కానీ దాని మీద సర్కారు ముద్ర ఉండేది. దీని మీద ఎవరి ముద్ర?"

"ఎవరిదీ కాదు. అందరిదీ."

"అంటే గట్టిగా అడగడానికి ఎవరూ లేరన్నమాట."

"ఆపేయడానికి కూడా ఎవరూ లేరు నాన్నా."

"పదేళ్ళకి ఉంటుందా ఇది?"

ముంజీర్ వెంటనే ఉంటుందని అనలేదు. కాఫీకొట్లో అయితే వెంటనే అనేవాడు. "రాసింది ఉంటుంది," అన్నాడు చివరికి. "విలువ ఉంటుందో లేదో నాకు తెలీదు. ఉంటుందని రాస్తున్నా. లేకపోయినా రాస్తాననుకుంటా."

ఇంత తిన్నగా అతను పెనా గురించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బొటనవేలి మీంచి కాలు తీశాను.

నాన్న ఫోను చాప మీద బోర్లించాడు. గొంతు తగ్గించాడు, ప్రహరీ అవతల పిన్ని ఉంటుందని. "సరే. ఇది మన నలుగురి మధ్యే ఉండనీ. రేపు హాజీకి డబ్బు నేనిస్తా. తొడ నువ్వు బండి మీద వేసుకుని రా. వీధికి నువ్వు తెచ్చినట్టే ఉంటుంది."

అమ్మ గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆవిడ ముఖంలో గుండిగ అప్పుడే సగం నిండింది. నిజం చెప్పాలంటే నాకూ ఊపిరి తేలికైంది. ఎవరికీ తెలియదు, పేరు పడదు, మాంసానికి మాంసం.

"వద్దు నాన్నా," అన్నాడు ముంజీర్.

"ఎందుకొద్దు?"

"నేను రాసేస్తాను."

"ఏం రాస్తావు?"

"ఇదే. మీరు కొన్నారు, నేను మోశాను అని. ఈ ఏడు ఆపుకుంటా, వచ్చే ఏడు కూడా ఆపుకుంటా. ఎప్పుడో ఒకరోజు రాసేస్తా. నా సంగతి నాకు తెలుసు. అందులో రాసింది ఇంక చెరపలేం. పైగా జువైరియా పిన్ని కొడుకు పెనాలో ఉన్నాడు, మొత్తం చదువుతాడు."

నాన్న గోడకి జారగిలబడ్డాడు. "నోట్లో మాట దాగని మనిషికా మనం పిల్లనిచ్చింది," అన్నాడు అమ్మతో.

"మీకే నచ్చాడు," అంది అమ్మ. "చదువుకున్నవాడు, నాలుగు ముక్కలు రాస్తాడు అన్నారు."

"నా జీతంలో రెండు కిలోలు వస్తాయి," అన్నాడు ముంజీర్. "రేపు నేనే హాజీ దగ్గరికెళ్ళి తొడ ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్తాను. అందరి ముందూ చెప్తాను."

"రేపు అక్కడ ఊరు ఊరంతా ఉంటుంది బాంగ్," అన్నాను. "పేరు పెట్టేస్తారు. పోదు అది."

"ఏం పేరు పెడతారు?"

ఎవరూ పైకి అనలేదు. అందరి నాలుకల మీదా అదే ఉంది. నాన్న కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, అల్లుణ్ణి కిందనుంచి పైదాకా చూశాడు.

"తొడ ముంజీర్," అన్నాడు, హాజరు పిలిచినట్టు.

ముందు అమ్మ నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వింది. తర్వాత ముంజీర్. నేను కోపంగానే ఉందామనుకున్నాను. ఈ నాలుగు రోజుల నుంచీ రాత్రీ పగలూ నేను దేనికైతే హడలిపోయానో ఆ పేరు మా ఇంట్లోనే, మా నాన్న నోటితోనే పడింది. ఇంక వీధి కొత్తగా చేసేదేముంది? నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

"సరే, వినండి," అన్నాడు నాన్న, నవ్వు ఆగాక, స్కూల్లో మర్నాటి పని చెప్పే గొంతుతో. "రేపు తెల్లవారి ఫజర్ నమాజు అవగానే బయల్దేరదాం. నేనూ వస్తా. నీకు మాంసం కొనడం రాదు, హాజీ బొమికలు అంటగడతాడు. తొడ వద్దని నువ్వు చెప్పు, కొవ్వు ఎంత వేయాలో నేను చెప్తా. బండి వద్దు. వెళ్ళేటప్పుడూ నడిచే, వచ్చేటప్పుడూ నడిచే. ఎవరు అడిగితే వాళ్ళకి రెండు కిలోలని చెప్పు, గొణగకుండా."

"మరి గుండిగ?" అంది అమ్మ.

"దారిలో మీ చెల్లెలింట్లో ఇచ్చేసి వెళ్తాం. మీ అల్లుడు నెత్తిన పెట్టుకుంటాడు. బలం పెరిగిందంటున్నాడుగా."

ముంజీర్ తలూపాడు. రెండుసార్లు ఊపాడు. తర్వాత నా వైపు వంగి, నాన్నకి వినబడకూడదన్నట్టుగా, అందరికీ వినబడేలా అడిగాడు.

"దెక్, నువ్వూ రారాదూ. నా నెత్తిన గుండిగ ఉంటుంది, ఫొటోలు నేను తీసుకోలేను."

"వస్తాను," అన్నాను. "ఫొటోలు తీస్తాను. ఇంటికొచ్చి, అమ్మ కూర పొయ్యి మీద పెట్టాక, పోస్టు చేసే మీట మాత్రం రేపు నేను నొక్కుతాను. సగం చేతికి."